ప్లస్ నడుమ, మైనస్ చుట్టూ: పడవలో పన్నెండు వోల్టుల సాకెట్టు

ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు చుట్టుపక్కల కరెంటుకు పేరున్న సీమ. ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తుంది. అదే మండలంలో కలమల్ల దగ్గరున్న రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అయినా జమ్మలమడుగు దాటి మైలవరం జలాశయంలోకో, గండికోట లోయలో పెన్న మీదికో పడవ దిగిందంటే ఆ లైన్లతో దానికి సంబంధం తెగిపోతుంది. ఇక మర పడవకు దిక్కు అందులోని 12 వోల్టుల బ్యాటరీయే. ఇంజను స్టార్టు కావాలన్నా, చీకటి పడ్డాక లైటు వేయాలన్నా, ఆపద వేళకు ఫోనులో ఛార్జింగు ఉండాలన్నా దాని మీదే ఆధారపడాలి. ఆ బ్యాటరీ నుంచి మన ఫోనుకు కరెంటు అందించేది బొటనవేలు దూరేంత గుండ్రటి సాకెట్టు. కార్లలో రోజూ చూసేదే. దాని కథ తెలిస్తే, పడవలో దాన్ని బిగించేవాడికి ఎందుకంత జాగ్రత్త కావాలో కూడా తెలుస్తుంది.

ఈ సాకెట్టు పుట్టింది సిగరెట్టు ముట్టించుకోవడానికి. వేడెక్కే భాగాన్ని మాత్రం సాకెట్టులోంచి ఊడదీసి వాడుకునే లైటరుకు 1921లో అమెరికాలో జాషువా మోరిస్‌కు పేటెంటు దక్కింది. 1925-26 నాటికి అది కార్లలో కంపెనీయే అమర్చి ఇచ్చే సరుకైంది. లోపలికి నొక్కితే సన్నని తీగచుట్ట ఎర్రగా కాగి, తనంతట తానే బయటికి తన్నుకొచ్చే రకం తర్వాత వచ్చింది. దానికి కాస్కో అనే కంపెనీ 1956లో పేటెంటు పొందింది. అందులోని కిటుకు సాకెట్టు అడుగున ఉన్న పట్టీలది. రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన ఆ పట్టీలు లైటరును పట్టుకుని ఉంటాయి. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా సాగుతుంది కాబట్టి పట్టీ వంగి పట్టు వదిలేస్తుంది. వెంటనే స్ప్రింగు లైటరును పైకి తోస్తుంది.

తీగచుట్టకు కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే, కాగుతుంది. అందుకే మొదట్లో ఈ సాకెట్టుకు ప్లస్, మైనస్‌ల పట్టింపు లేదు. బ్యాటరీలో ఏ కొసను బండి బాడీకి కలపాలన్న దాంట్లోనూ ఏకాభిప్రాయం ఉండేది కాదు. ఫోర్డు తన 6 వోల్టుల కార్లలో ప్లస్‌ను బాడీకి కలిపింది. బ్రిటిష్ కార్లలోనూ చాలాకాలం అదే పద్ధతి నడిచింది. 1950లలో 12 వోల్టులు, 1960లలో డయోడ్లున్న ఆల్టర్నేటర్లు, ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చాక బాడీకి మైనస్ అన్న పద్ధతి స్థిరపడింది. దాంతో సాకెట్టుకూ ఒక కట్టుబాటు ఏర్పడింది: అడుగున నడిమి బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న గొట్టం మైనస్. కాలక్రమంలో లైటరు వాడేవాళ్లు తగ్గారు. ఆ చోటికి టైర్లకు గాలి కొట్టే పంపులు, మొబైల్ ఛార్జర్లు, జీపీఎస్‌లు వచ్చాయి. ఇవన్నీ ప్లస్, మైనస్ తేడా తెలిసిన సామాన్లే.

ఈ ఆకారంలో ఒక గొప్ప సుగుణం ఉంది. ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా దాని మొన నడిమి బొడిపెకే తగులుతుంది, పక్కనున్న రేకులు గొట్టానికే ఆనుతాయి. వాడేవాడు పొరపాటు చేయాలన్నా చేయలేడు. కాబట్టి పొరపాటుకు చోటు ఒక్కటే మిగిలింది, సాకెట్టు వెనక. అక్కడ రెండు వైర్లు తారుమారు చేస్తే ముందు నుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

కారుకూ పడవకూ అసలు తేడా ఇక్కడే. కారులో బాడీ అంతా మైనస్సే. ఇనుప డ్యాష్‌బోర్డుకు సాకెట్టు బిగించి, గొట్టానికి ప్లస్ ఇస్తే ఆ క్షణమే షార్టయి ఫ్యూజు ఎగిరిపోతుంది. తప్పు తనను తాను చాటుకుంటుంది. చెక్క పడవలో, ఫైబరు పడవలో బాడీ ఎర్తు అనేదే ఉండదు. ప్రతి లైటుకూ, ప్రతి సాకెట్టుకూ బ్యాటరీ నుంచి రెండు వైర్లూ వేయాల్సిందే. అక్కడ తారుమారైనా ఫ్యూజు పోదు, పొగ రాదు. టెస్ట్ ల్యాంపు పెడితే చక్కగా వెలుగుతుంది. బల్బుకు దిక్కుతో పని లేదు కదా. ఇంటి వైరింగులో చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ పొరబడడానికి కారణం ఉంది. 230 వోల్టుల ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. దానిలో ప్లస్, మైనస్ అన్న మాటే లేదు.

తప్పు బయటపడేది ఖరీదైన సామాను తగిలించాకే. చిన్న డీసీ ఫ్యాను వెనక్కి తిరగవచ్చు. 12 వోల్టులను 5 వోల్టులకు దించే ఛార్జరులో రక్షణ డయోడు లేకపోతే చిప్పు మాడిపోతుంది. ఇంకో ముప్పు కంటికి కనపడదు. చేతికి అందే గొట్టం ఇప్పుడు ప్లస్ అయింది. ఇంజను లోహం సాధారణంగా బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. గొట్టానికీ ఇంజనుకూ మధ్య ఏ ఇనుప గొలుసో పడిందంటే నిప్పురవ్వలే. ప్లగ్గు మొనలో ఉండే చిన్న ఫ్యూజు ప్లస్ వైపు ఉండాల్సింది మైనస్ వైపు పడుతుంది. తడి చేరితే తుప్పు కూడా వేగం పుంజుకుంటుంది. నీటిలో కరెంటు పారేటప్పుడు ప్లస్ వైపున్న లోహమే కరిగిపోతుంది కాబట్టి సాకెట్టు గొట్టాన్ని మనమే తుప్పుకు తినిపించినట్లవుతుంది.

కోస్తాలో ఈ మాట ఇంకా బరువైనది. దుంగలు కట్టిన తెప్పల చోట ఫైబరు బోట్లు వచ్చాయి. వాటిలో జీపీఎస్, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ సెట్టు చేరాయి. ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లను దేశమంతటా లక్ష చేపల పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. ఒడ్డు కనపడనంత దూరంలో దారి చూపేవి, సాయం అడిగేవి ఇవే. తారుమారైన రెండు వైర్ల వల్ల ఇలాంటి యంత్రం ఒక్కటి మూగబోయినా అది మనుషుల ప్రాణాలతో ముడిపడిన సంగతి.

పని సరిగ్గా చేయడం కష్టమేమీ కాదు. మొదట బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయాలి. ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. అమెరికా పడవల ప్రమాణం 7 అంగుళాల లోపు అంటుంది. ఫ్యూజు కాపాడేది వైరును. దూరంగా పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు కాపాడేదేమీ ఉండదు. ప్లస్‌కు ఎర్ర వైరు, మైనస్‌కు నల్లదో పసుపుదో వాడి, ఆ రంగులు పడవంతా తప్పకుండా పాటించాలి. లావు కూడా ముఖ్యమే. సాకెట్టు 5 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయిరావడానికి 10 మీటర్ల రాగి. 10 ఆంపియర్లు లాగితే 1 చదరపు మిల్లీమీటరు వైరులో సుమారు 1.75 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వైరు వేస్తే 0.7 వోల్టులే పోతాయి. తడికి నల్లబడకుండా తగరం పూత ఉన్న సన్నపోగుల రాగి వైరు మేలు. సాకెట్టు వెనక రెండు చదునైన రేకులుంటాయి. మధ్యలోది బొడిపెకు వెళ్లేది, దానికి ఎర్ర వైరు. పక్కది గొట్టానిది, దానికి మైనస్ వైరు. వైర్ల కొసలకు లగ్గులు వేసి గట్టిగా నొక్కాలి.

ఇక పరీక్ష. ఇంట్లో వాడే నియాన్ టెస్టరు 12 వోల్టులకు వెలగదు, దాన్ని నమ్మకూడదు. ఊడదీసిన బ్యాటరీ మైనస్ వైరు తిరిగి కలిపి, మల్టీమీటరును డీసీలో పెట్టి, ఎర్ర మొన సాకెట్టు నడుమ బొడిపెకు, నల్ల మొన గొట్టానికి తాకించాలి. నిండుగా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 దాకా చూపాలి. అంకె ముందు మైనస్ గుర్తు కనపడిందంటే వైర్లు తారుమారయ్యాయి. రెండు లగ్గులు మార్చి మళ్లీ చూస్తే సరి.

ఈ సాకెట్టును తీర్చిదిద్దినవాళ్లు వాడేవాడి పొరపాటును ఆకారంతోనే అడ్డుకున్నారు. బిగించేవాడి పొరపాటును అడ్డుకునే ఏర్పాటు మాత్రం పడవలో ఏదీ లేదు. ఆ బాధ్యత పూర్తిగా మెకానిక్ చేతిదే. మల్టీమీటరు ఖరీదు ఒక మంచి ఫోను ఖరీదులో చిన్న వంతు, పరీక్షకు పట్టేది నిమిషం. గండికోటలో పర్యాటకులను ఎక్కించుకునే బోటైనా, సముద్రం మీదికి వెళ్లే ఫైబరు బోటైనా, కొత్త సాకెట్టులో ఆ అంకె చూడకుండా ఏ సామానూ తగిలించకూడదు, పడవ ఒడ్డు వదలకూడదు.