సామర్లకోట: పటాలం ఊరు, పంటల ఊరు

సామర్లకోట అనగానే మనకు గుర్తొచ్చేవి రైల్వే జంక్షను, కుమారారామ భీమేశ్వరాలయం, పంచదార ఫ్యాక్టరీ. ఒకప్పుడు అది పటాలం ఊరని చాలామందికి తెలియదు. మేము పాఠాల్లో ప్లాసీ యుద్ధం చెబుతాం కాని, పక్క ఊరి చరిత్ర చెప్పడం తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం.

1758 డిసెంబరులో దగ్గరలోని చందుర్తి వద్ద కల్నల్ ఫోర్డ్ సైన్యం, విజయనగరం రాజు సైన్యం కలిసి ఫ్రెంచివారిని ఓడించాయి. ఆ తర్వాత ఉత్తర సర్కారుల్లో ఇంగ్లీషువారి మాట చెల్లింది. 1786లో సామర్లకోటలో బ్యారక్‌లు కట్టారు. కాకినాడ, ఏలూరుల్లోని సిపాయిలు జబ్బుపడితే కోలుకోవడానికి ఇక్కడికి పంపేవారు. కోటతో పని తీరిపోవడంతో 1838లో దాన్ని పడగొట్టారు. 1868లో సైన్యం ఊరు వదిలి వెళ్లింది.

అంతటితో కథ ముగియలేదు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. మున్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను కొండవాళ్లను విసిగించాయి. ఇది అల్లూరి సీతారామరాజు నడిపిన 1922 నాటి పోరాటానికి నలభై మూడేళ్ల ముందుది. పిల్లలు రెండింటినీ ఒకటిగా పొరబడుతుంటారు. ఈ తిరుగుబాటు కారణంగా రెండు కంపెనీల సిపాయిలను మళ్లీ సామర్లకోటలో ఉంచారు. 1893లో వారినీ ఉపసంహరించారు.

సైన్యం పోతే దాని మీద బతికే ఊరు చితికిపోవడం లోకంలో మామూలే. సామర్లకోటకు మాత్రం వేరే పనులు దొరికాయి. 1882లోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ వేదాంత పాఠశాల పెట్టింది. 1902లో ప్రభుత్వం చెరకు పరిశోధన క్షేత్రం తెరిచింది.

ఆ క్షేత్రం ఎందుకు కావలసి వచ్చింది? ఆ రోజుల్లో గోదావరి డెల్టా చెరకును ఎర్రకుళ్ళు తెగులు పట్టి రైతులను ముంచేసింది. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. పైకి బాగానే కనిపించే గడను చీల్చి చూస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లని మచ్చలతో ఉండి పులిసిన వాసన కొడుతుంది. తెగులున్న గడల నుంచి ముచ్చెలు కోసి నాటితే అది మరుసటి పంటకూ అంటుకుంటుంది. అందుకే ఆరోగ్యమైన ముచ్చెలు ఎంచుకోవడం, తట్టుకునే రకాలు నాటడం, మధ్యలో వరి వేసి పంట మార్చడం దీనికి మందు. మారిషస్ రకాలను ఇక్కడ పరీక్షించి రైతులకు అందించారు. ఈ పని చూసిన వృక్ష శాస్త్రవేత్త బార్బర్, 1912లో మొదలైన కోయంబత్తూరు చెరకు కేంద్రానికి వెళ్లారు. అక్కడ తయారైన కో 205 రకం 1918లో పొలాలకు చేరి ఉత్తర భారత రైతులకు ఎంతో మేలు చేసింది.

సిపాయిలు నూరేళ్లకు పైగా వస్తూ పోతూ ఉన్న ఊరికి, రైతుకు మేలైన విత్తనం ఇచ్చిన పేరు కూడా దక్కింది. మొదటి సంగతికి కోట పేరు సాక్ష్యం. రెండో దానికి చెప్పేవాళ్లే సాక్ష్యం. మన ఊళ్లలో పాత కట్టడం, ఖాళీ స్థలం ఏది కనబడినా, అది ఎవరికోసం కట్టారు, తర్వాత ఎవరికి ఉపయోగపడింది, ఇప్పుడు ఎవరికి ఉపయోగపడగలదు అని మూడు ప్రశ్నలు పిల్లల చేత అడిగిద్దాం. పెద్దలు బతికుండగానే జవాబులు రాయించి బడిలో భద్రపరుద్దాం.