పాత వ్యాన్‌కు గ్యాస్ కిట్ పెట్టిస్తున్నారా? ముందు ఆర్సీ తీసి చూడండి

సీతాఫల్‌మండి, వారాసిగూడ సందుల్లో పాత మారుతీ ఓమ్నీలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. 1984లో వచ్చిన ఈ వ్యాన్ తయారీ 2019లో ఆగిపోయింది. అయినా సామాను మోయడానికి, వెనక పరుపు వేసుకుని శ్రీశైలమో సాగరో వెళ్లి రావడానికి దీన్ని వదలని వాళ్లు చాలామందే ఉన్నారు. బాధల్లా పెట్రోల్ ఖర్చే. అందుకే సీఎన్‌జీ లేదా ఎల్పీజీ కిట్ వైపు చూస్తారు. ‘ఒక్క రోజు పని, సాయంత్రానికి బండి తీసుకెళ్లండి’ అంటాడు మెకానిక్. బిగించడం వరకు అది నిజమే. కానీ ఆర్సీలో ‘పెట్రోల్’ అనే మాట మారేవరకు మీ బండి చట్టం దృష్టిలో పెట్రోల్ బండే. తేడా వస్తే నష్టపోయేది మెకానిక్ కాదు, మీరే.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అయితే బ్యాటరీ, సీఎన్‌జీ, ఎల్పీజీ వంటి వేరే ఇంధనంతో నడిచేలా కన్వర్షన్ కిట్ బిగించుకోవడానికి అదే సెక్షన్ వీలు కల్పించింది, నిబంధనలు పాటిస్తేనే. మార్పు చేశాక 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. అనుమతి లేని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

బండి మీద ఫైనాన్స్ ఉందా? అప్పిచ్చిన సంస్థ రాతపూర్వక అంగీకారం లేకుండా కిట్ జోలికి వెళ్లకండి. ఈ షరతు కూడా 52వ సెక్షన్‌లోనే ఉంది.

‘అప్రూవ్డ్ కిట్’ అంటే?

చాలామంది మోసపోయేది ఇక్కడే. పెట్టె మీద ముద్ర ఉంటే చాలదు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి టైప్ అప్రూవల్ ఇవ్వాలి. ఆ పత్రంలో ఏ రకం ఇంజిన్‌కు, ఎన్ని సీసీల పరిధికి, ఏ కాలుష్య ప్రమాణానికి ఆ కిట్ వర్తిస్తుందో రాసి ఉంటుంది. ఓమ్నీది 796 సీసీ పెట్రోల్ ఇంజిన్. కార్బురేటర్ మోడల్‌కు సరిపోయే కిట్ ఎంపీఎఫ్ఐ మోడల్‌కు పనికిరాదు. కాబట్టి డబ్బు కట్టకముందే ఆ పత్రం నకలు అడిగి, మీ బండి అందులోకి వస్తుందో లేదో చూసుకోండి. అప్రూవల్ గడువు తీరిందేమో కూడా చూడండి. పత్రం చూపించడానికి నసిగే షాపులో కిట్ పెట్టించుకోకపోవడమే మంచిది.

బిగించాక ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, సిలిండర్ టెస్ట్ సర్టిఫికెట్, కిట్ బిల్లు తీసుకోండి. కిట్, సిలిండర్ సీరియల్ నంబర్లు ఆ కాగితాల్లో సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే సరిచూసుకోండి. తర్వాత రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వాహన మార్పు సేవను ఎంచుకుని, ఫీజు కట్టి, బండిని మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. సికింద్రాబాద్ కార్యాలయం తిరుమలగిరిలో ఉంది. ఆర్సీలో ఇప్పటికీ పాత ఊరి చిరునామా ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. పని పూర్తయ్యాక ఎంపరివాహన్ యాప్‌లో ఇంధనం వివరం మారిందో లేదో చూడండి. మారకపోతే పని సగమే అయినట్టు.

బండిలో పడుకుంటారా?

అయితే ఇది తప్పక చదవండి. సీఎన్‌జీ గాలి కన్నా తేలిక, లీకైతే పైకి పోతుంది. ఎల్పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అంటే సరిగ్గా మీ పరుపు ఉండే చోట. సిలిండర్ క్యాబిన్ లోపల ఉంటే దాని వాల్వ్‌కు గ్యాస్ బయటకు పోయే గొట్టాలతో కూడిన తొడుగు ఉండాలి. సామాను అడ్డొస్తోందని కొందరు దాన్ని పీకేస్తారు. అది ప్రాణాలతో చెలగాటం. అదే బండిలో స్టవ్ వెలిగించి వంట చేయడమూ అంతే.

ఇక ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కించడం నేరం, పైగా ప్రమాదం. వాహనాల ఎల్పీజీ ట్యాంకు 80 శాతం నిండగానే ఆగిపోతుంది. వేడికి గ్యాస్ వ్యాకోచించడానికి ఆ ఖాళీ కావాలి. మన ఎండల్లో అది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఇంటి సిలిండర్‌నే నేరుగా వాడితే ఆ రక్షణ ఉండదు.

సీఎన్‌జీ సిలిండర్‌లో సుమారు 200 బార్ ఒత్తిడి ఉంటుంది. అందుకే మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి.

అసలు లాభమేనా?

ముందు బండి వయసు లెక్క వేసుకోండి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రూ.10,000కు పెంచారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. కిట్ పెట్టినంత మాత్రాన ఈ గడువు పెరగదు. రెన్యువల్‌కు ఏడాది ఉందనగా కిట్ కోసం డబ్బు పోయడం కన్నా, ముందు రెన్యువల్ చేయించుకుని ఆ తర్వాత ఆలోచించడం మేలని మా అభిప్రాయం.

ఇంజిన్ కంప్రెషన్ కూడా పరీక్షించుకోండి. అరిగిపోయిన ఇంజిన్‌ను కిట్ బాగుచేయదు. పైగా సీఎన్‌జీ మీద లాగుడు కొంత తగ్గుతుంది. నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు అది బాగా తెలుస్తుంది.

చివరిగా ఇన్సూరెన్స్. సమగ్ర పాలసీ ఉంటే కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి రూ.60 అదనంగా కట్టి పాలసీలో కిట్‌ను చేర్పించుకోవచ్చు. ఆర్సీలో, పాలసీలో కిట్ ప్రస్తావన లేకుండా బండి కాలిపోతే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం అందించినట్టవుతుంది. కిట్ ఉన్న పాత వ్యాన్ కొంటున్నవాళ్లు కూడా ఈ రెండు కాగితాలు, సిలిండర్ మీది టెస్ట్ తేదీ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.