ఇంటి కంప్యూటరు ఇచ్చు హెచ్చరికలు

ధవళేశ్వరముకడ కాటన్ బ్యారేజీయందు నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినచో మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు వెలువడును. వరద గడప తొక్కకమునుపే సామాను అటక కెక్కించుకొనుటకు వీనివలన వ్యవధి చిక్కును. ఇంటి కంప్యూటరునందును అట్టి కొలబద్దలు గలవని మన సోదరీమణులలో ననేకు లెఱుగరు.

పెండ్లి ఫొటోలు, బిడ్డల చదువుల వ్రాతలు, దస్తావేజుల నకళ్లు నేడు చాల యిండ్లలో ఒక్క హార్డుడిస్కునందే యుండుచున్నవి. ఆ డిస్కు తన లోపములను తానే లెక్క వ్రాసికొనుచుండును. ఈ విధానమునకు 'స్మార్ట్' అని పేరు. ఆ చిట్టాను చదివి చూపు సాఫ్టువేరులలో జపానున పుట్టిన క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మనకు సులభమైనది, వెల లేదు. నీలిరంగు క్షేమము, పసుపు జాగ్రత్త, ఎఱుపు ప్రమాదము. మంగళకరమైన పసుపు ఇచ్చట కీడునకు గుఱుతగుట వింతయే!

డిస్కు తలమంతయు సెక్టారులను చిన్న చిన్న గళ్లుగా నుండును. ఒక గడి చెడినప్పుడు డిస్కు దానిని విడిచి, అదనముగా దాచుకొన్న గడిని వాడుకొనును. చీర చిరిగినచోట మాసిక వేసినట్లన్నమాట. ఒకటి రెండు మాసికలకు బెదరనక్కఱలేదు. వారము వారమునకు వాని లెక్క పెరుగుచున్నచో ఆ డిస్కును నమ్మరాదు.

ఇఁక వేడిమి సంగతి. హెచ్‌డబ్ల్యూమానిటర్ అను సాఫ్టువేరు ప్రాసెసరు వేడిని, పంకా వేగమును చూపును. రోహిణీకార్తెలో రాజమహేంద్రవరపు గదిగాలియే నిప్పులు చెఱుగుచుండ, పంకా ఆ గాలినే విసరును గదా! ఇంచుమించు 100 డిగ్రీలకడ పెక్కు ప్రాసెసరులు తమ్ము కాపాడుకొనుటకై పనిని మందగింపజేయును. వైరస్సును తిట్టుటకు ముందు విద్యుత్తు తీగ ఊడదీసి, పంకా రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను.

అయినను నీలిరంగు చూచి నిశ్చింతగా నుండరాదు. 2007లో గూగుల్ వారు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ప్రకటించినదాని ప్రకారము, చెడిన డిస్కులలో నూటికి 56కు పైగా నాలుగు ముఖ్య సూచనలలో ఒక్కటియు చూపలేదు. గోదావరి చెప్పి వచ్చును. డిస్కు చెప్పకయు పోవచ్చును. కావున వేఱొక డిస్కులో నకలుండవలెను. లంకలలోను, ఏటిగట్టు ప్రక్కను నుండువారు దానిని మెఱకనున్న పుట్టింట నుంచుట మేలు. పసుపు కనబడిన నాడు మాత్రము మరమ్మతు మాట తరువాత. మొదట ఫొటోలు, పిమ్మట పత్రములు, సినిమాలు చిట్టచివర నకలు తీసికొనవలెను.