పటం ఒకటే, పేర్లు అనేకం

ఇంజనీరింగ్ డ్రాయింగుల ఫైళ్లలో క్రమం కొరవడితే పనిస్థలంలో నష్టం

దేశంలోని బ్రాడ్‌గేజి రైలుమార్గాలలో విస్తృతంగా పరచిన కాంక్రీటు స్లీపరుకు ఒక డ్రాయింగు సంఖ్య ఉన్నది. అది ఆర్‌డిఎస్‌ఓ/టి-2496. లక్నోలోని రైల్వే పరిశోధన, డిజైన్లు, ప్రమాణాల సంస్థ (ఆర్‌డిఎస్‌ఓ) ఇచ్చిన ఈ సంఖ్యలో సంస్థ పేరుకు, ట్రాకు విభాగాన్ని సూచించే 'టి' అక్షరానికి మధ్య ఒక ఏటవాలు గీత ఉంటుంది. కాగితం మీద ఆ గీత వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే అదే డ్రాయింగును కంప్యూటరులో భద్రపరచబోయే ఉద్యోగికి మొదటి అడుగులోనే ఆటంకం ఎదురవుతుంది. విండోస్ వ్యవస్థ ఫైలు పేరులో అనుమతించని తొమ్మిది గుర్తులలో ఏటవాలు గీత ఒకటి.

అప్పుడు ఒకరు దాని స్థానంలో అడ్డగీత పెడతారు. మరొకరు ఖాళీ వదలుతారు. మూడవవారు సంస్థ పేరు తీసివేసి 'టి2496' అని వ్రాస్తారు. నాల్గవవారు సంఖ్య జోలికే పోకుండా 'కొత్త స్లీపరు' అని పేరు పెడతారు. ఫలితంగా కార్యాలయమంతటికీ ఉమ్మడిగా ఉన్న ఫోల్డరులో ఒకే డ్రాయింగు నాలుగు పేర్లతో నాలుగు చోట్ల చేరుతుంది. సంఖ్యను బట్టి వెదికేవారికి వాటిలో ఒకటో రెండో మాత్రమే దొరుకుతాయి. దొరికినదే అమలులో ఉన్న డ్రాయింగు అన్న హామీ ఏమీ లేదు.

కిలోమీటరుకు 1660 సార్లు

ఇది గుమాస్తాల స్థాయి వ్యవహారమని తోసిపుచ్చడానికి వీలులేదు. రైల్వే డ్రాయింగులకు సవరణ జరిగినప్పుడు డ్రాయింగు సంఖ్య మారదు. దాని పక్కన ఉండే ఆల్టరేషన్ సంఖ్య మాత్రమే మారుతుంది. అంటే ఫైలు పేరులో డ్రాయింగు సంఖ్య సరిగా ఉన్నప్పటికీ అది సగం సమాచారమే. ఎన్నవ సవరణ అన్నది తెలియనిదే ఆ కాగితాన్ని పనికి వాడరాదు.

కొత్త మార్గాలలో స్లీపర్లను సాధారణంగా కిలోమీటరుకు 1660 చొప్పున పరుస్తారు. రైలుపట్టాను బిగించే క్లిప్పు కోసం స్లీపరులో అమర్చే ఇనుప ఇన్సర్టు స్థానం సవరణలో కొద్ది మిల్లీమీటర్లు జరిగినదనుకుంటే, కర్మాగారంలోని అచ్చు కూడా మారవలసి ఉంటుంది. పాత ఫైలును చూసి తయారు చేసిన అచ్చు ఒకే తప్పును కిలోమీటరుకు 1660 సార్లు చేస్తుంది. తనిఖీలో ఆ సరుకు తిరస్కరణకు గురైతే నష్టం తయారీదారుది. తనిఖీ దాటిపోతే ముప్పు ప్రయాణికులది.

భవన నిర్మాణంలోనూ పరిస్థితి ఇంతే. పనిస్థలానికి వచ్చే డ్రాయింగుపై 'నిర్మాణానికి యోగ్యం' అనే అర్థమిచ్చే 'జిఎఫ్‌సి' ముద్ర ఉండడం మనదేశంలో ఆనవాయితీ. ఆ ముద్ర పడిన తరువాత కూడా డ్రాయింగు రెండు మూడు మార్లు మారడం సర్వసాధారణం. అందువల్ల పేరు చివర 'జిఎఫ్‌సి' అని మాత్రమే ఉన్న రెండు ఫైళ్లలో ఏది తాజాదో మేస్త్రీ చెప్పలేడు. స్తంభం ఇనుము కట్టి, కాంక్రీటు పోసిన తరువాత తేడా బయటపడితే పగులగొట్టడం తప్ప మార్గాంతరం ఉండదు.

మడత పెట్టినా కనిపించే సంఖ్య

విశేషమేమంటే, ఈ సమస్యకు కాగితం కాలంలోనే చక్కని పరిష్కారం ఉండినది. డ్రాయింగు కాగితపు కుడివైపు అడుగు మూలలో టైటిల్ బ్లాకు అనే పట్టిక ఉంటుంది. యజమాని సంస్థ, డ్రాయింగు పేరు, సంఖ్య, స్కేలు, ఆమోదించినవారి సంతకం అందులో ఉంటాయి. సవరణలకు ప్రత్యేకమైన గడులు ఉంటాయి. ఈ పట్టిక పొడవు 170 మిల్లీమీటర్లకు మించరాదన్న నియమం ఉన్నది. టైటిల్ బ్లాకులకు ఐఎస్ 11665, కాగితాలను మడిచే పద్ధతికి ఐఎస్ 11664 అనే ప్రత్యేక భారతీయ ప్రమాణాలు వెలువడినాయి. పాఠశాలలు, కళాశాలల కోసం 1988లో ప్రచురించి 2003లో సవరించిన ఎస్‌పి 46 అనే గ్రంథంలోనూ ఈ నియమాలు చోటుచేసుకున్నాయి.

మడతకు కూడా ప్రమాణం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం సులభం. 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు గల ఎ0 కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టినా టైటిల్ బ్లాకు పైకి కనిపించాలి. బీరువాలో వందల కట్టలున్నా, కాగితం విప్పకుండానే సంఖ్యను, సవరణను చదవగలగాలి. ఈనాడు ఫైలు పేరు చేయవలసిన పని సరిగ్గా ఇదే. ఫైలును తెరవకుండానే అది ఏమిటో, ఎన్నవదో తెలియజేయడమే దాని ప్రయోజనం.

ఆ రోజులలో రికార్డు గదికి ఒక బాధ్యుడు ఉండేవాడు. ట్రేసింగు అసలు ప్రతి ఒక్కటే. దాని నుంచి తీసిన అమ్మోనియా ప్రింట్లు ఎవరెవరికి, ఏ తేదీన వెళ్లినవో రిజిస్టరులో నమోదయ్యేది. కొత్త సవరణ రాగానే పాత ప్రింటును వెనక్కు తెప్పించేవారు. లేదా 'రద్దయినది' అని దానిపై ముద్ర వేసేవారు. కంప్యూటరు వచ్చిన తరువాత గీత గీసే పని వేగం పుంజుకున్నది. అసలు ప్రతికి, నకలుకు మధ్య ఉండిన తేడా మాత్రం చెరిగిపోయినది.

ఎనిమిది అక్షరాల కాలం

ఆటోక్యాడ్ 1982లో విడుదలైనది. అప్పటి డాస్ వ్యవస్థలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చివర రకాన్ని తెలిపే మరి మూడు అక్షరాలు మాత్రమే అనుమతించేవారు. ఆ ఇరుకులో వివరాలు పట్టవు గనుక సంకేతాలు తప్పనిసరి అయినాయి. సంకేతాల అర్థం తెలియజేసే పట్టిక కూడా వాటితోపాటే ఉండవలసి వచ్చేది. 1995లో విండోస్ 95 రావడంతో పొడవైన పేర్లకు సామాన్య వినియోగదారుకు సైతం వీలు కలిగినది. స్వేచ్ఛ వచ్చినది, పట్టిక పోయినది. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'సార్ చెప్పిన ఫైనల్' వంటి పేర్లకు అక్కడే అంకురార్పణ జరిగినదని చెప్పవచ్చు.

ఈ పరిణామంతో హైదరాబాదుకు కూడా సంబంధం ఉన్నది. 1991లో ఇక్కడ ప్రారంభమై 2014లో సైయంట్‌గా పేరు మార్చుకున్న ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, కాగితంపై ఉన్న పటాలను కంప్యూటరు రూపంలోకి మార్చే పనితోనే తొలినాళ్లలో నిలదొక్కుకున్నది. విదేశీ ఖాతాదారుల డ్రాయింగులపై పనిచేసే తెలుగు ఇంజనీర్లకు అటువైపువారి నామకరణ నియమాలను అక్షరం పొల్లుపోకుండా పాటించడం వృత్తిధర్మంలో భాగం. ఇటువంటి పనిలో పేరు తప్పిన ఫైలు గీత ఎంత చక్కగా ఉన్నా తిరిగి వస్తుంది.

ఉమ్మడి ఫోల్డరులో చిక్కులు

పదిమంది ఒకే ఫోల్డరులో పనిచేసేటప్పుడు ఎదురయ్యే చిక్కులలో కొన్ని యంత్రం తెచ్చిపెట్టేవి. కంప్యూటరు ఫైళ్లను అక్షరక్రమంలో పేర్చే అనేక సందర్భాలలో 1 తరువాత 10, ఆ తరువాత 2 వస్తాయి. 001, 002, 010 అని సున్నాలతో వ్రాస్తే ఈ గందరగోళం ఉండదు. తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో వ్రాయాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 నిర్దేశించడంలోనూ ఇదే సౌలభ్యం ఉన్నది. రోజుతో మొదలుపెడితే జనవరి, జూలై కాగితాలు కలగాపులగమవుతాయి. ఇక ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరొకటి చొప్పున పెంచుకుంటూ పోతే విండోస్‌లో మొత్తం మార్గానికి సాధారణంగా ఉండే 260 అక్షరాల పరిమితి అడ్డుతగులుతుంది.

వీటికి మించిన చిక్కు మరొకటి ఉన్నది. ఆటోక్యాడ్‌లో ఒక డ్రాయింగు మరొక డ్రాయింగును పిలుచుకుంటుంది. దీనిని ఎక్స్‌రెఫ్ అంటారు. ఆర్కిటెక్టు గీసిన అంతస్తు పటాన్ని అడుగున ఉంచి విద్యుత్తు, నీటిసరఫరా ఇంజనీర్లు తమ గీతలు గీస్తారు. ఆ అంతస్తు పటం పేరు మార్చినా, చోటు మార్చినా దానిపై ఆధారపడిన డ్రాయింగులన్నింటిలో అడుగు పటం మాయమవుతుంది. కాబట్టి సవరణ జరిగిన ప్రతిసారీ పనిలో ఉన్న ఫైలు పేరు మార్చడం సరికాదు. మార్చకపోతే సవరణ సంఖ్య తెలియదు.

ఈ రెండు అవసరాలకు రాజీ మార్గం లేకపోలేదు. పనిలో ఉన్న ఫైలుకు సవరణ సంఖ్య లేని స్థిరమైన పేరు ఉంచాలి. బయటికి పంపే పిడిఎఫ్ ప్రతికి మాత్రం సవరణ సంఖ్యను పేరులో చేర్చాలి. ఒకసారి పంపిన ప్రతిని మళ్లీ ముట్టుకోరాదు. మార్పు ఉంటే తరువాతి సంఖ్యతో కొత్త ప్రతి వెలువడాలి.

నాలుగు గదుల విధానం

ఇదే ఆలోచనను బ్రిటన్ 2007 నాటి బిఎస్ 1192 ప్రమాణంలో క్రోడీకరించినది. దాని ఆధారంగా 2018లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 19650 వెలువడినది. దీని ప్రకారం ప్రాజెక్టు సమాచారం నాలుగు దశలలో ఉంటుంది. రూపొందిస్తున్నవారు మాత్రమే చూసేది మొదటిది. ఇతర శాఖలవారి పరిశీలనకు పంచుకున్నది రెండవది. ఆమోదం పొంది పనికి విడుదలైనది మూడవది. కాలం తీరి భద్రపరచినది నాల్గవది. పనిస్థలంలోని ఇంజనీరుకు మూడవ గది తాళం మాత్రమే ఇస్తే చిత్తుప్రతిని చూసి కట్టే ప్రమాదం ఉండదన్నది ఇందులోని సూత్రం.

పేరు విషయంలో బ్రిటిష్ అనుబంధం ఏడు అంశాలను వరుసగా సూచించినది. అవి ప్రాజెక్టు, రూపొందించిన సంస్థ, కట్టడంలోని భాగం, అంతస్తు లేక స్థానం, పత్రం రకం, శాఖ, వరుస సంఖ్య. వీటి మధ్య అడ్డగీత ఉంటుంది. సవరణకు వేరే గుర్తు ఉన్నది. ఆమోదానికి ముందు 'పి01', 'పి02' అని, ఒప్పందం కింద పనికి విడుదలైన తరువాత 'సి01', 'సి02' అని వ్రాస్తారు. మొదటి అక్షరం చూడగానే కట్టవచ్చునా, కట్టరాదా అన్నది తేలిపోతుంది.

మనదేశంలోనూ పెద్ద ప్రాజెక్టులు ఈ దారి పట్టినాయి. నాగపూర్ మెట్రో రైలు నిర్మాణంలో కట్టడం నమూనాతో కాలపట్టికను, వ్యయాన్ని జోడించే 5డి బిమ్ విధానాన్ని అనుసరించారు. 2023 అక్టోబరులో తొలి భాగం ప్రారంభమైన 82 కిలోమీటర్ల ఢిల్లీ-మీరట్ ప్రాంతీయ వేగ రైలుమార్గ నిర్మాణంలోనూ ఉమ్మడి సమాచార వేదికను వినియోగించారు. కాగా, నలుగురైదుగురు పనిచేసే చిన్న కార్యాలయాలకు అంతటి సాఫ్ట్‌వేరు భారం అక్కరలేదు. నాలుగు ఫోల్డర్లు, గోడమీద అతికించిన ఒక పేజీ నామకరణ నియమం, రిజిస్టరు స్థానంలో ఒక ఎక్సెల్ పట్టిక, వీటికి బాధ్యత వహించే ఒక మనిషి ఉంటే చాలు. డబ్బు ఖర్చు లేని ఈ ఏర్పాటులో కష్టమైనది చివరిదే. పాత రికార్డు గది బాధ్యుడి ఉద్యోగం రద్దయినది గాని, ఆ పని రద్దు కాలేదు.

వాట్సాప్ ద్వారా డ్రాయింగు ఫొటోలు పంపే అలవాటు ఈ కట్టుబాటుకు పెద్ద గండి. ఫొటోగా పంపిన డ్రాయింగు తన పేరు పోగొట్టుకుని, తేదీ, క్రమసంఖ్యలతో కూడిన కొత్త పేరుతో అవతలివారి ఫోనుకు చేరుతుంది. టైటిల్ బ్లాకు ఫొటోలో పడకపోతే అది ఏ సవరణో నిర్ధారించడం అసాధ్యం.

ముప్పయి ఏళ్ల తరువాత

క్రమం తప్పిన ఫైళ్ల ఖరీదు పని ముగిసిన తరువాత కూడా వెంటాడుతుంది. ఆలస్యానికి బాధ్యులెవరన్న వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లినప్పుడు ఏ సవరణ ఏ తేదీన గుత్తేదారుకు అందినదన్నదే తరచు కీలకమవుతుంది. రిజిస్టరు లేనివారి వాదన నిలవడం కష్టం. వంతెనకు మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడు, నిజంగా కట్టిన తీరును చూపే 'యాజ్ బిల్ట్' డ్రాయింగు దొరకకపోతే కాంక్రీటులో ఇనుము ఎక్కడున్నదో మళ్లీ పరీక్షలతో తెలుసుకోవలసిందే.

ఉపఖండంలో డ్రాయింగుల ప్రమాణీకరణకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. అవిభక్త భారతదేశంలోని రైల్వే కంపెనీలు 1903లోనే కాన్ఫరెన్స్ అసోసియేషన్‌గా ఏర్పడినాయి. డిజైన్లలో ఏకరూపత కోసం 1930లో కేంద్ర ప్రమాణాల కార్యాలయం నెలకొన్నది. 1952లో వచ్చిన పరీక్ష, పరిశోధన కేంద్రంతో దానిని కలిపి 1957లో ఆర్‌డిఎస్‌ఓను నెలకొల్పారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకలలో ఈనాటికీ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి ఉమ్మడిగా ఉండడం ఆ కాలపు వారసత్వమే. వేల మైళ్ల దూరంలోని వర్క్‌షాపులు ఒకే కొలతకు పనిచేయగలిగినాయంటే, ప్రతి కాగితానికి ఒకే సంఖ్య, ప్రతి సవరణకు ఒక గుర్తు ఉండడం అందుకు తోడ్పడినది. కాగితం పోయి ఫైలు వచ్చినంత మాత్రాన ఆ అవసరం తీరిపోలేదు. ఉమ్మడి ఫోల్డరులో 'కొత్త స్లీపరు' అని పేరు వ్రాయబోయే ఉద్యోగి ఒక్క క్షణం ఆగి టైటిల్ బ్లాకులోని సంఖ్యను, సవరణను చూసి వ్రాస్తే పనిస్థలంలో జరగబోయే నష్టం అక్కడే ఆగిపోతుంది.