గోటి మీద గెలాక్సీ రాయి

ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లో దొరికే గెలాక్సీ గ్రానైట్‌ను, పేరు తెలియకపోయినా, చాలామంది చూసే ఉంటారు. వంటింటి గట్టు మీదా, హోటళ్ల గోడల మీదా నల్లగా నిగనిగలాడుతూ మధ్యమధ్య బంగారు చుక్కలు మెరిసే రాయి అది. ఒంగోలుకు దగ్గర్లో పుట్టి, ఓడలెక్కి దేశదేశాలకు వెళ్తోంది. గ్లిట్టర్ నెయిల్ పాలిష్‌తో ఇంట్లోనే గోళ్లకు రాతి మెరుపు తెచ్చుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చూపించే నమూనా ఇదే. నలుపు, బంగారు రంగు తప్ప మూడోది అక్కర్లేదు. సన్నని గీతలు గీయగలిగేంతగా చెయ్యి తిరిగి ఉండక్కర్లేదు. కానీ ముందు రాయిని కాసేపు శ్రద్ధగా చూడాలి. చూడకుండా మొదలుపెడితే నల్ల గోటి మీద చమ్కీ చల్లినట్టే ఉంటుంది తప్ప రాయి కనిపించదు.

వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కన ఇది గాబ్రో జాతి రాయి. భూమి లోతున శిలాద్రవం నెమ్మదిగా చల్లారడంతో ఖనిజాలు కంటికి కనిపించేంత స్ఫటికాలుగా పెరిగాయి. అందులో మెరిసేది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. దాని స్ఫటికాల లోపల అతి పల్చని పలకలు ఒకే దిశలో పేర్చినట్టుంటాయి. వెలుతురు సరైన కోణంలో తగిలితే ఆ పలకలన్నీ కలిసి దాన్ని తిప్పికొడతాయి, చుక్క తళుక్కుమంటుంది. తల కాస్త పక్కకు జరిపితే ఆ చుక్క ఆరిపోయి ఇంకోచోట మరొకటి వెలుగుతుంది.

గోటికి కావలసిన కిటుకులన్నీ ఈ మెరుపులోనే ఉన్నాయి. చుక్కలది పసుపుపచ్చ కాదు, కంచులాంటి ముదురు వన్నె. అవి సమానంగా పరుచుకుని ఉండవు. ఒకచోట నాలుగు గుమిగూడితే పక్కన వేలెడంత మేర ఖాళీగా నల్లగా ఉంటుంది. సైజులూ ఒక్కలా ఉండవు. అన్నిటికన్నా ముఖ్యం, అవి రాతి పైన అతికించినట్టు ఉండవు, లోపలి నుంచి మెరుస్తాయి. ఇంట్లో వేసుకునే గ్లిట్టర్‌లో చాలాసార్లు లోపించేది ఈ లోతే.

ఇప్పుడు సీసాలో ఉన్నదేమిటో చూద్దాం. మామూలు నెయిల్ పాలిష్‌లో పొర కట్టే పదార్థం సాధారణంగా నైట్రోసెల్యులోజ్. దాన్ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగిస్తారు. ద్రావకం గాలిలోకి ఎగిరిపోతే పొర మిగులుతుంది, ఆరడమంటే అదే. గ్లిట్టర్ ఎక్కువగా అల్యూమినియం పూత వేసిన పాలిస్టర్ పొరను చిన్నచిన్న ఆరు భుజాల ముక్కలుగా కోసినది. షిమ్మర్ వేరు, అందులో ఉండేది అభ్రకం పొడి, పొగమంచులా మెత్తగా మెరుస్తుంది. మన రాయికి కావలసింది గ్లిట్టరే. క్రాఫ్ట్ సామాన్ల దుకాణంలో దొరికే గ్లిట్టర్ పొడిని పాలిష్‌లో కలపొద్దు. వాటిలో కొన్నిటి రంగు ద్రావకానికి కరిగి వెలిసిపోతుంది.

గోళ్లు కత్తిరించి అరం పట్టాక, రిమూవర్‌లో తడిపిన దూదితో ఒకసారి తుడవండి. తలకు కొబ్బరినూనె రాసిన చేత్తోనే కూర్చుంటే పాలిష్ రెండో రోజుకే పెచ్చులూడుతుంది. గిన్నెలు తోమిన వెంటనే కూడా కూర్చోవద్దు. గోరు నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, పైనున్న పొర పట్టు తప్పుతుంది. గోరింటాకు ఎర్రదనం ఉన్నా ఫర్వాలేదు, నలుపు కప్పేస్తుంది.

బేస్ కోట్ ఆరాక నల్ల పాలిష్ పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకోటి. మందంగా ఒకేసారి వేస్తే పైన ఆరినట్టు కనిపించి లోపల తడిగా ఉండిపోతుంది.

గ్లిట్టర్ దగ్గరే ఓపిక పట్టాలి. సీసాలోని బ్రష్‌తో నేరుగా పూస్తే ముక్కలన్నీ బల్లపరుపుగా పడుకుంటాయి, అన్నీ ఒకేసారి మెరుస్తాయి. రాయి అలా మెరవదు. అందుకే చిన్న స్పాంజి ముక్క మీద గ్లిట్టర్ పాలిష్ రాసి, ద్రవం కొంత స్పాంజిలోకి ఇంకాక, గోటి మీద అక్కడక్కడా అద్దండి. ముక్కలు రకరకాలుగా ఒరిగి అతుక్కుంటాయి, చెయ్యి తిప్పినప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కాస్త పెద్ద ముక్కలు కావాలంటే టూత్‌పిక్ కొనతో రెండు మూడు ఎంచి పెట్టండి. చాలు అనిపించడానికి కొంచెం ముందే ఆపేయడం మంచిది. గోటిలో సగానికి పైగా నలుపు మిగలాలి.

తర్వాత, లోతు తెచ్చే పూత. పారదర్శకమైన పాలిష్‌లో నల్ల పాలిష్ ఒకటి రెండు చుక్కలు కలిపితే పొగరంగు ద్రవం తయారవుతుంది. దాన్ని గ్లిట్టర్ మీద పల్చగా వేయండి. బ్రష్‌ను నొక్కి లాగొద్దు. కొత్త పూతలోని ద్రావకం కింది పొరను మళ్లీ కరిగిస్తుంది కాబట్టి నలుపూ గ్లిట్టరూ కలిసి చెరిగిపోతాయి. ఈ పూత ఆరాక దాని పైన ఇంకొన్ని చుక్కలు అద్దండి. కిందివి మసగ్గా, పైవి స్పష్టంగా కనిపిస్తాయి. నెయిల్ ఆర్ట్ చేసేవాళ్లు ఈ పద్ధతిని జెల్లీ శాండ్‌విచ్ అంటారు. నా మటుకు నాకు, ఈ పనిలో ఆనందమంతా ఈ ఒక్క పూతలో ఉంది. చదునైన గోటిలోకి తొంగిచూస్తున్నట్టు అనిపిస్తుంది.

చివరికి టాప్ కోట్ రెండుసార్లు. గ్లిట్టర్ గరుకును ఒక్క పూత కప్పలేదు, చీర కొంగుకు తగులుకుంటుంది. గోటి కొన అంచుకు కూడా పూత తగిలించండి. ఫ్యాన్ జోరుగా తిరిగే చోట కాకుండా, గాలి ఆడే కిటికీ పక్కన ఆరనివ్వండి. పొయ్యి దగ్గర మాత్రం అస్సలు వద్దు, ఈ ద్రావకాలన్నీ చప్పున అంటుకునేవే.

పది గోళ్లూ ఒకేలా చేయాలన్న పట్టుదల వద్దు. ఒక గోటికి చుక్కలు దండిగా, పక్కదానికి రెండే రెండు, ఇంకోటి దాదాపు ఉత్త నలుపు. ఒకే పలక నుంచి కోసిన ముక్కలు కూడా అలాగే ఉంటాయి కదా.

తీసేటప్పుడు గ్లిట్టర్ మొండికేస్తుంది. గీకితే పాలిష్‌తో పాటు గోటి పైపొర లేచిపోతుంది, అది బాగుపడాలంటే కొత్త గోరు పెరగాల్సిందే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అందుకని అసిటోన్ రిమూవర్‌లో తడిపిన దూది గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. తర్వాత దూదిని గోటికేసి అదిమి, కొన వైపు లాగితే ముక్కలన్నీ దాంతో పాటే వచ్చేస్తాయి. వాటిని సింకులో కడగకుండా దూదితో సహా చెత్తబుట్టలో వేయండి. అవి ప్లాస్టిక్ ముక్కలు, కాలువలో పడితే కరగవు. అసిటోన్ చర్మాన్ని పొడిబార్చేస్తుంది కాబట్టి చేతులు కడుక్కుని గోటి మొదళ్లకు కొబ్బరినూనె రాసుకోండి. మళ్లీ పాలిష్ వేసే ముందు ఆ నూనెను తుడవాలి.