ఆడకుండా పోయిన చోటు, ఆడి తెచ్చుకున్నారు

2022 జనవరిలో ఆసియా మహిళల ఫుట్‌బాల్ కప్పు పోటీలు మన దేశంలోనే జరిగాయి. ఆతిథ్యమిచ్చే దేశం గనుక భారత జట్టుకు అర్హత పోటీలతో పనిలేకుండానే చోటు దొరికింది. జనవరి 20న నవీ ముంబయిలో ఇరాన్‌తో ఆడిన మొదటి ఆట 0-0తో సమంగా ముగిసింది. మూడు రోజుల తరువాత చైనీస్ తైపీతో ఆట. ఈలోగా జట్టులో కరోనా ప్రబలింది. నిబంధన ప్రకారం కనీసం 13 మంది క్రీడాకారిణులు ఉండాలి, అంతమంది మిగలలేదు. జట్టు పోటీల నుండి వైదొలగినట్లే లెక్కకట్టారు. ఇరాన్‌తో ఆడిన ఆటను కూడా కొట్టివేశారు. ఓడిపోయి ఇల్లు చేరితే అదొక బాధ. సొంత దేశంలో, ఏళ్ల తరబడి ఎదురుచూసిన పోటీలో, ఆడనే ఆడకుండా గదిలో తలుపు వేసుకొని కూర్చోవలసి వస్తే ఆ పిల్లల మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

తరువాతి ఆసియా కప్పు 2026 మార్చిలో ఆస్ట్రేలియాకు కేటాయించబడింది. ఈసారి చోటు ఎవరూ ఊరికే ఇవ్వరు. 2025 జూన్, జూలై నెలల్లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయి నగరంలో అర్హత పోటీలు జరిగాయి. గ్రూపులో ఐదు జట్లు. మొదట నిలిచిన ఒక్క జట్టుకే ప్రవేశం, రెండవ స్థానానికి ఏమీ లేదు.

క్రిస్పిన్ ఛెత్రి శిక్షణలో మనవారు మొదటి ఆటలో మంగోలియాపై 13 గోల్స్ చేశారు. అందులో ఐదు ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖావి. రెండు మన తెలుగు నేల బిడ్డవి. ఆమె పేరు గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా ఆమెది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడి వచ్చింది. పదవ తరగతి దాటగానే, ఆడపిల్లకు ఆటలెందుకని మాన్పించే ఇండ్లు మన పల్లెల్లో తక్కువేమీ కావు. ఆ తండాలో అలా జరగలేదు.

తరువాత తిమోర్-లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0. మొత్తం 22 గోల్స్, ఒక్కటీ ఇవ్వలేదు. విచిత్రమేమంటే థాయిలాండ్ కూడా ఆ మూడు జట్లనే ఓడించి సరిగ్గా 22 గోల్స్ చేసింది, ఒక్కటీ ఇవ్వలేదు! ఇక అంతా జూలై 5నాటి ఆటమీదే ఆధారపడింది. ప్రపంచ ర్యాంకుల్లో థాయిలాండ్ 46, మనం 70. మైదానం వారిది, చప్పట్లు వారివి. పాత సంగతి ఒకటి గుర్తుచేసుకోవాలి. 1980లో కోళిక్కోడ్‌లోను, 1983లో బాంకాక్‌లోను ఆసియా పోటీల్లో మనవారు రెండవ స్థానంలో నిలిచారు; 1983 ఫైనల్లో ఓడించినది ఈ థాయిలాండే.

29వ నిమిషంలో సంగీతా బస్ఫోర్ గోల్ చేసింది. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణికి చెందిన ఈమె మధ్య వరుసలో ఆడుతుంది. అంటే గోల్స్ చేయడంకంటె, బంతిని గెలిచి ముందున్నవారికి అందించడమే ఆమెకు అప్పగించిన పని. రెండవ సగం మొదలవుతూనే థాయిలాండ్ సమం చేసింది. ఇటువంటి చోటనే మన జట్లు బెదిరిపోయి చెదిరిపోవడం ఎన్నోసార్లు చూశాము. ఈసారి చెదరలేదు. 74వ నిమిషంలో మళ్లీ సంగీతయే! మిగిలిన కాలమంతా మనవారు తమ గోల్‌ను కాచుకున్నారు. 2-1తో ఆట ముగిసింది. అర్హత పోటీలు ఆడి గెలిచి భారత మహిళలు ఆసియా కప్పుకు చేరడం అదే మొదటిసారి.

పెద్దవారు చూపిన దారిలో చిన్నవారూ నడిచారు. ఆగస్టు 10న యాంగూన్‌లో 20 ఏళ్లలోపు అమ్మాయిలు మయన్మార్‌ను 1-0తో ఓడించి, 20 ఏళ్ల తరువాత తమ వయసువారి ఆసియా కప్పుకు అర్హత పొందారు. అక్టోబరులో కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో 17 ఏళ్లలోపు పిల్లలు ఉజ్బెకిస్తాన్ చేతిలో మొదట వెనుకబడి, చివరకు 2-1తో గెలిచి తమ చోటు తెచ్చుకున్నారు.