డాక్టరు కాగోరే బిడ్డను ఏ కాలేజీకి మార్చాలి?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయంటే పాస్టరుగారి యింటికి వచ్చే తల్లిదండ్రులు ప్రతి వేసవిలోనూ ఉంటారు. "అయ్యగారూ, పిల్ల బై.పి.సి. చదువుతోంది. డాక్టరు కావాలని దాని ఆశ. ఈ కాలేజీలో చెప్పే చదువు చాలదంటున్నారు. పట్నంలో వేద్దామా? ప్రార్థన చేయండి" అంటారు. ప్రార్థన తప్పక చేస్తాము. అయితే ప్రార్థనతోపాటు విచారించవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. వాటిని చదువరుల ముందు ఉంచుతున్నాము.

అబ్రాముతో విడిపోయినప్పుడు లోతు యొర్దాను మైదానపు నీటి వసతిని చూశాడు. అక్కడి మనుష్యులు ఎలాంటివారో విచారించలేదు. మనమూ గోడలమీద అంటించిన ర్యాంకుల బొమ్మలు చూసి బిడ్డను పంపితే అదే పని చేసినవారమౌతాము.

మొదట, ఎందుకు మార్చాలి? ఫిజిక్సు చెప్పే లెక్చరరు లేకపోతే, ల్యాబు తాళం తీయకపోతే మార్చడం న్యాయమే. పక్కింటి పిల్లవాడు వెళ్ళాడని మాత్రం మార్చకూడదు. 2017 నుండి మన రెండు రాష్ట్రాలలోనూ ఎం.బి.బి.ఎస్. సీట్లు నీట్ పరీక్ష ద్వారానే ఇస్తున్నారు. మొత్తం 720 మార్కులు. ప్రశ్నలు 180, అందులో 90 బయాలజీవి, ఫిజిక్సు, కెమిస్ట్రీ చెరి 45. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. ప్రశ్నపత్రం తెలుగులో కూడా దొరుకుతుంది. ప్రశ్నలు ఇంటర్ రెండు సంవత్సరాల పాఠాలనుండీ వస్తాయి. కాబట్టి మొదటి సంవత్సరం పాఠాలు గట్టిగా రాని బిడ్డకు కాలేజీ మారినంత మాత్రాన ఆ లోటు తీరదు.

రెండవది, కొత్త కాలేజీలో పాఠాలు ఎంతవరకు వచ్చాయి? కొన్నిచోట్ల రెండవ సంవత్సరం పాఠాలు వేసవిలోనే మొదలుపెడతారు. మధ్యలో చేరిన బిడ్డకు ఆ పాఠాలు ఎవరు చెబుతారో అడగండి. ర్యాంకులు ఏ సెక్షనువారికి వచ్చాయో, మన బిడ్డను ఏ సెక్షనులో కూర్చోబెడతారో కూడా అడగండి.

మా సంఘంలో ఒక కౌలు రైతు అప్పు చేసి కుమార్తెను పట్నంలో హాస్టలున్న కాలేజీకి మార్చాడు. ఆమెను చివరి సెక్షనులో వేశారు. దాటిపోయిన పాఠాలు మళ్ళీ చెప్పినవారు లేరు. వారం వారం పరీక్షలు, తక్కువ మార్కులు. బిడ్డ అన్నం మానేసింది, ఫోనులో మాట్లాడటం తగ్గించింది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు, "నాన్నా, నేను బ్రతకాలని ఉంటే నన్ను మళ్ళీ పంపవద్దు" అన్నది. ఊరివారు ఏమనుకుంటారో అని చూడక, ఆ తండ్రి ఆమెను పాత కాలేజీలోనే చేర్పించాడు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. మెడికల్ సీటు రాలేదు. ఆమె యిప్పుడు బి.ఎస్సి. నర్సింగు చదువుతోంది. "అప్పు తీరుతుందయ్యా, బిడ్డ దక్కింది" అంటాడాయన.

మారి మేలు పొందినవారూ ఉన్నారు. ఫిజిక్సు లెక్చరరు లేని కాలేజీనుండి డివిజను కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి మారిన ఒక అబ్బాయి మేనమామ యింట ఉండి చక్కగా చదువుకున్నాడు. దూరమూ, ఫీజూ పెద్దవైతేనే చదువు పెద్దదనుకోవద్దు.

మూడవది, రాష్ట్రం సరిహద్దు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నూటికి 85 సీట్లు రాష్ట్ర కోటాలోనివి. వాటికి బిడ్డ ఎక్కడ ఎన్నేళ్ళు చదివిందన్నది ముఖ్యం. తెలంగాణలో 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం 9వ తరగతినుండి ఇంటర్ వరకు నాలుగేళ్ళూ అక్కడే చదివి ఉండాలి. 2025లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కాబట్టి హైదరాబాదుకు పంపేవారుగాని, అక్కడినుండి ఆంధ్రకు తెచ్చేవారుగాని స్థానికత సంగతి ముందే తెలుసుకోవాలి.

నాలుగవది, డబ్బు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పించాడు. ట్యూషను ఫీజే గాక హాస్టలు, పుస్తకాలు, పరీక్షలు అన్నీ కలిపి ఎంతో కాగితంమీద వ్రాయించుకోండి. బిడ్డ మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగి ఇస్తారో అదీ వ్రాయించుకోండి. పాత కాలేజీనుండి టి.సి., మార్కుల మెమో చేతికి రాకముందే కొత్తచోట డబ్బు కట్టవద్దు. హాస్టలులో జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఇంటికి ఫోను ఎన్నాళ్ళకొకసారి, ఆదివారం ఆరాధనకు పంపుతారా అన్నవి కూడా అడగండి.

వైద్యసేవ ఘనమైన పిలుపే. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు తెలుగు స్త్రీలకు చేసిన సేవను మన పెద్దలు మరువలేదు. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారు 1918లో స్త్రీలకొరకు వైద్య పాఠశాల స్థాపించారు. అయితే ఆ ఆసుపత్రులు డాక్టర్లతో మాత్రమే నడవలేదు. రాత్రంతా మేలుకొన్న నర్సులు, మందులిచ్చినవారు, రక్తం పరీక్షించినవారు కూడా ఆ పిలుపునకు లోబడినవారే.

తల్లిదండ్రులారా, కాలేజీని చూడబోయేముందు ఒక సాయంకాలం బిడ్డ ప్రక్కన కూర్చోండి. "డాక్టరు కావాలన్న ఆశ నీదా, మాదా?" అని అడగండి. జవాబు చెప్పనివ్వండి, మధ్యలో అడ్డురాకండి. సీటు వచ్చినా రాకపోయినా నీవు మా బిడ్డవే అని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట విన్న బిడ్డ ఏ కాలేజీలోనైనా ధైర్యంగా చదువుకుంటుంది.